బోర్డు మీద 150, తెర మీద 62: తీరం రోడ్డు ఛార్జింగ్ స్టేషన్ లెక్కలు

సముద్రం వెంట సాగే రోడ్ల మీద ఎలక్ట్రిక్ కార్ల ఛార్జింగ్ స్టేషన్లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. ఒక పక్క కొండ, ఇంకో పక్క నీళ్లు, మలుపు దగ్గర కొత్తగా తెరిచిన స్టేషన్. బోర్డు మీద '150 కిలోవాట్లు' అని పెద్ద అక్షరాలు. కారు ఆపి గన్ (ఛార్జర్ కేబుల్ చివరి ప్లగ్గు) తగిలిస్తే తెర మీద 62 కనిపిస్తుంది. పది నిమిషాలకు అది 48కి దిగుతుంది. పక్క ఛార్జర్ దగ్గరున్న కారుకేమో 110 ఎక్కుతూ ఉంటుంది. ఛార్జర్ పాడైందా, కారులో లోపమా, స్టేషన్ వాళ్లు తక్కువ ఇస్తున్నారా అని అనుమానాలు మొదలవుతాయి.

చాలాసార్లు ఈ మూడూ కావు. బోర్డు మీది అంకె ఆ ఛార్జర్ పెట్టె ఇవ్వగలిగిన గరిష్ఠం. కారుకు అందేది మాత్రం పెట్టె, కేబుల్, కారు, బ్యాటరీ, వెనకున్న కరెంటు లైను, వీటిలో ఏది తక్కువైతే అంతే. తీరం రోడ్డు మీద ఈ హద్దులు మామూలు హైవే కన్నా కాస్త బిగుసుకుంటాయి. దానికి కారణాలు కొన్ని కారులో ఉన్నాయి, కొన్ని సముద్రంలో ఉన్నాయి.

కిలోవాట్ వేరు, యూనిట్ వేరు

కిలోవాట్ అంటే కరెంటు ఎక్కే వేగం. కిలోవాట్ అవర్ అంటే ఎక్కిన మొత్తం. కరెంటు బిల్లులో యూనిట్ అనేది దీన్నే. 60 కిలోవాట్ల వేగంతో గంటసేపు ఎక్కితే 60 యూనిట్లు. బ్యాటరీ సైజు యూనిట్లలో చెబుతారు, ఛార్జర్ సైజు కిలోవాట్లలో చెబుతారు. సగం గందరగోళం ఈ రెండూ కలిసిపోవడం వల్లే.

60 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు 20 శాతంతో వచ్చి, 80 శాతం దాకా ఎక్కించుకోవాలి అనుకుందాం. కావలసింది 36 యూనిట్లు. నిలకడగా 150 కిలోవాట్లు అందితే పద్నాలుగున్నర నిమిషాల పని. సగటున 62 అందితే 35 నిమిషాలు. మీటరు చూపించే యూనిట్లు బ్యాటరీలో చేరినవాటి కన్నా కొంచెం ఎక్కువే ఉంటాయి. కొంత వేడిగా పోతుంది, కొంత బ్యాటరీని చల్లబరచడానికి ఖర్చవుతుంది.

ఇక ఏసీ, డీసీ సంగతి. ఏసీ అంటే దిశ మార్చుకుంటూ పారే కరెంటు, డీసీ అంటే ఒకే దిశలో పారేది. గ్రిడ్ నుంచి వచ్చేది ఏసీ, బ్యాటరీలో నిలిచేది డీసీ. ఎక్కడో ఒకచోట మార్చాలి. ఏసీ పాయింట్ దగ్గర ఆ పని కారు లోపలున్న చిన్న ఛార్జర్ చేస్తుంది. దాని సామర్థ్యం 7.4 కిలోవాట్లయితే (230 వోల్టులు, 32 ఆంపియర్లు) 22 కిలోవాట్ల పోస్టుకు తగిలించినా 7.4 మాత్రమే ఎక్కుతుంది. డీసీ ఫాస్ట్ ఛార్జర్‌లో మార్పిడి బయటి పెట్టెలోనే జరిగిపోతుంది, అందుకే దాని వేగం అన్ని రెట్లు ఎక్కువ. గన్ ఆకారం దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో, భారత్‌లో సీసీఎస్2, చైనాలో జీబీ/టీ, జపాన్‌లో చాడెమో. ఉత్తర అమెరికా సీసీఎస్1 నుంచి టెస్లా రూపొందించిన ఎన్ఏసీఎస్ వైపు కదులుతోంది.

గన్ తగిలించాక మొదటి నిమిషం

గన్ తగిలించగానే కరెంటు పారదు. ముందు కారు, ఛార్జర్ మాట్లాడుకుంటాయి. గన్‌లో 'పైలట్' అనే ఒక సన్నటి పిన్ ఉంటుంది. అందులో సెకనుకు వెయ్యి సార్లు ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల మధ్య ఊగే సంకేతం నడుస్తుంది. ఆ సంకేతం ఎంతసేపు పైన నిలుస్తుందో దాన్ని బట్టి ఏసీ పాయింట్ తన హద్దు చెబుతుంది. 27 శాతం దగ్గరుంటే 16 ఆంపియర్లు, 53 శాతం దగ్గరుంటే 32. అది 5 శాతమే ఉంటే 'డిజిటల్‌గా మాట్లాడుకుందాం' అని అర్థం. సీసీఎస్ డీసీ ఛార్జింగ్‌లో జరిగేది అదే. ఆ తీగ మీదే డేటా నడుస్తుంది, ఒకరి హద్దులు ఒకరు చెప్పుకుంటారు.

తర్వాత గన్ లాక్ అవుతుంది. ఛార్జర్ కేబుల్‌లోకి వోల్టేజి పంపి, కరెంటు ఎక్కడైనా భూమిలోకి కారుతోందా అని పరీక్షిస్తుంది. దీన్ని ఇన్సులేషన్ పరీక్ష అంటారు. ఈ పరీక్ష సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోవాలి. అది పాసైతే ఛార్జర్ తన వోల్టేజిని బ్యాటరీ వోల్టేజికి సరిపోల్చుకుంటుంది, కారు లోపలి స్విచ్‌లు మూసుకుంటాయి, అప్పుడు కరెంటు పారుతుంది. అక్కడి నుంచి ఆర్డర్ వేసేది కారే. 'ఇన్ని ఆంపియర్లు ఇవ్వు' అని అది అడుగుతూనే ఉంటుంది, తన హద్దు దాటనంత వరకు ఛార్జర్ ఇస్తూ పోతుంది. తెర మీద అంకె తగ్గితే తప్పంతా ఛార్జర్ మీద వేసేస్తాం కానీ, ఎక్కువసార్లు అడిగిందే అంత.

కొత్త స్టేషన్లలో మొదటి నెలల్లో ఎక్కువగా తడబడేది ఈ మాటల దగ్గరే. రెండూ ఒకే ప్రమాణాన్ని పాటిస్తున్నా, ఒక జవాబు కోసం ఎంతసేపు ఆగాలి లాంటి చిన్న విషయాల్లో ఒక కంపెనీ కారుకూ ఇంకో కంపెనీ ఛార్జర్‌కూ పొసగకపోవచ్చు. గన్ తీసి మళ్లీ పెడితే పనిచేయడం వెనక రహస్యం కూడా ఇదే. సంభాషణ మొదటి నుంచి మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వచ్చేకొద్దీ ఇవి తగ్గుతాయి.

150 ఎలా 62 అవుతుంది

ఇప్పుడు బోర్డు మీది అంకెను మెట్టు మెట్టుగా దింపుదాం.

మొదటి మెట్టు కేబుల్. పవర్ అంటే వోల్టులను ఆంపియర్లతో హెచ్చించిన ఫలితం. '400 వోల్టుల కారు' అని పిలిచేదాని బ్యాటరీ ఒక దశలో 360 వోల్టుల దగ్గర ఉందనుకుందాం. కేబుల్ 200 ఆంపియర్లు మోయగలదంటే 72 కిలోవాట్లకు మించదు. అక్కడే 150 కావాలంటే 417 ఆంపియర్లు పారాలి. అంత కరెంటుకు కేబుల్ లోపల చల్లబరిచే ద్రవం తిరుగుతూ ఉండాలి. అలాంటి కేబుళ్లు 500 ఆంపియర్ల దాకా మోస్తాయి. పక్కనున్న కారు '800 వోల్టుల' రకమైతే, 720 వోల్టుల దగ్గర అదే 200 ఆంపియర్లకు 144 కిలోవాట్లు వస్తాయి. పక్కవాళ్ల తెర మీద 110 కనిపించడంలో మాయ లేదు.

రెండో మెట్టు పంపకం. 150 కిలోవాట్ల పెట్టె లోపల సాధారణంగా ఒకే పెద్ద యంత్రం ఉండదు. 30 కిలోవాట్ల మాడ్యూళ్లు (చిన్న మార్పిడి యంత్రాలు) ఐదు ఉన్నాయనుకుంటే, రెండు గన్‌లకు రెండు కార్లు తగిలినప్పుడు మూడు ఒక వైపు, రెండు ఇంకో వైపు వెళతాయి. ఒకరికి 90, ఒకరికి 60. మాడ్యూల్‌ను సగం చేసి పంచే వీలు ఉండదు కాబట్టి 75, 75 రాదు.

మూడో మెట్టు బ్యాటరీ, అసలైన హద్దు చాలాసార్లు ఇదే. ఖాళీ బస్సులో మొదట ఎక్కినవాళ్లకు సీటు వెంటనే దొరుకుతుంది, నిండేకొద్దీ వెతుక్కోవాలి. బ్యాటరీలో కరెంటును మోసే లిథియం అయాన్లకూ అదే పరిస్థితి. నిండుతున్న బ్యాటరీలోకి, లేదా చల్లగా ఉన్న బ్యాటరీలోకి బలవంతంగా తోస్తే అవి ఎలక్ట్రోడ్ లోపలికి పోలేక, దాని మీద లిథియం లోహపు పూతగా పేరుకుంటాయి. అది బ్యాటరీ ఆయుష్షును తింటుంది. అందుకే కారు తనంతట తానే తక్కువ అడుగుతుంది.

ఇప్పుడు మన 60 యూనిట్ల కారునే తీసుకుందాం. పెట్టె గరిష్ఠం 150. పక్క గన్‌కు ఇంకో కారు తగలడంతో మిగిలింది 90. కేబుల్ హద్దు 72. కారు తయారీదారు చెప్పిన గరిష్ఠం 100. ఛార్జ్ 55 శాతం దగ్గరున్న బ్యాటరీ ఒప్పుకునేది 62. వీటన్నిటిలో చిన్నది 62, తెర మీద కనిపించేదీ అదే. పది నిమిషాలకు సగటున 55 చొప్పున 9 యూనిట్ల పైన చేరి ఛార్జ్ 70 శాతం అవుతుంది. అప్పుడు బ్యాటరీ అడిగేది 48. ఇక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు.

కొత్త స్టేషన్‌కు మాత్రమే ఉండే చిక్కు ఒకటుంది. నావిగేషన్‌లో ఫాస్ట్ ఛార్జర్‌ను గమ్యంగా పెడితే, చాలా కొత్త కార్లు దారిలోనే బ్యాటరీని తగిన ఉష్ణోగ్రతకు తెచ్చుకుంటాయి. స్టేషన్ తెరిచి కొద్ది రోజులే అయితే కారు మ్యాపులో అది ఉండకపోవచ్చు. గమ్యం కేవలం ఒక 'వ్యూ పాయింట్' అనుకుని కారు ఏ ఏర్పాటూ చేసుకోదు. చలి ఉన్న చోట్ల ఈ ఒక్క తేడాతో ఛార్జింగ్ వేగం బాగా పడిపోతుంది.

80 శాతం దగ్గర ఆపేయాలా అన్న వాదన కూడా ఇక్కడే తగులుతుంది. చాలా కార్లలో చివరి 20 శాతానికి పట్టే సమయం, అంతకుముందు 60 శాతానికి పట్టిన సమయానికి దగ్గరగా వస్తుంది. అందుకని వెనక క్యూ ఉంటే 80తో సర్దుకోవాలని ఒక వర్గం అంటుంది. కొండ రోడ్డు మీద తర్వాతి స్టేషన్ చాలా దూరం, అది పనిచేస్తుందో లేదో తెలియదు, అలాంటప్పుడు 95 దాకా ఆగడం స్వార్థం ఎలా అవుతుందని ఇంకో వర్గం. స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉన్న హైవే మీద మొదటి మాటకు బలం ఎక్కువ. తీరం రోడ్డు మీద రెండోది కొట్టిపారేయదగ్గది కాదు.

ఉప్పుగాలి ఏం చేస్తుంది

అలలు విరిగినప్పుడు ఎగిరే తుంపరలు ఆరిపోయి, ఉప్పు రేణువులుగా గాలిలో తేలుతుంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ రేణువు నీటిని పీల్చుకుని ద్రవంగా మారుతుంది. వాన పడకపోయినా ఛార్జర్ లోపల సర్క్యూట్ బోర్డు మీద కరెంటు పారగల సన్నటి తడి పొర ఏర్పడుతుందన్నమాట. గాలితో చల్లబడే ఛార్జర్లు బయటి గాలినే లోపలికి పీలుస్తాయి, ఉప్పు కూడా దానితో వస్తుంది. ఫిల్టర్లు కొంతే ఆపుతాయి. ద్రవంతో చల్లబడే, మూసి ఉన్న మాడ్యూళ్లకు ఈ బాధ తక్కువ. ఖరీదు ఎక్కువ.

ఈ తడి పొర వల్ల ఇన్సులేషన్ పరీక్ష తప్పవచ్చు. ఛార్జర్ 'ఎర్రర్' అని చూపి కరెంటు ఇవ్వడానికి ఒప్పుకోదు. చూసేవాళ్లకు అది చెడిపోయిన యంత్రం. నిజానికి అది తన పని తాను చేస్తోంది, లీకేజీ ఉన్న చోట ఆగిపోయింది.

ఛార్జర్ మీద 'ఐపీ54' లాంటి గుర్తు చూసి ఇది తీరానికి సరిపోతుందని అనుకోవడం మామూలే. ఐపీలో మొదటి అంకె దుమ్ము గురించి, రెండోది నీటి గురించి. 54 అంటే హాని చేసేంత దుమ్ము లోపలికి పోదు, ఏ వైపు నుంచి నీళ్లు చిమ్మినా ఆగుతుంది. తుప్పు గురించి అందులో ఒక్క ముక్కా లేదు. దానికి వేరే కొలమానం ఉంది. ఐఎస్ఓ 9223 ప్రమాణం వాతావరణాన్ని సీ1 నుంచి సీ5 దాకా, ఆ పైన సీఎక్స్ అని విభజిస్తుంది. అలలకు దగ్గరగా ఉండే చోట్లు ఈ జాబితాలో పై మెట్ల మీద ఉంటాయి. ఊరటనిచ్చే విషయం, నీటి అంచు నుంచి దూరం జరిగేకొద్దీ గాలిలో ఉప్పు చాలా వేగంగా తగ్గుతుంది. కొన్ని వందల మీటర్లు వెనక్కి జరిపినా తేడా కనిపిస్తుంది.

వానలో గన్ పట్టుకుంటే షాక్ కొడుతుందా అన్న భయం వేరే. పైన చెప్పిన సంభాషణ పూర్తయి, గన్ లాక్ అయ్యేదాకా పెద్ద పిన్నుల్లో కరెంటు ఉండదు. లాక్ తీసేముందే అది ఆగిపోతుంది. గన్ తడవడానికి, కారు ఉప్పునీటిలో మునగడానికి మాత్రం పోలిక లేదు. 2022లో ఇయన్ తుపాను తర్వాత ఫ్లోరిడాలో సముద్రపు నీటిలో మునిగిన కొన్ని ఎలక్ట్రిక్ కార్లు ఆ తర్వాత రోజుల్లో మంటలంటుకున్నాయి. ఉప్పునీరు బ్యాటరీ లోపలికి చేరి షార్ట్ సర్క్యూట్ చేయడం దానికి కారణం.

లైను చివర ఉన్న స్టేషన్

తీరం రోడ్లకు కరెంటు తరచుగా ఒకే లైను మీద, ఊళ్ల గుండా పాక్కుంటూ వస్తుంది. చివరికి చేరేసరికి మిగిలే సామర్థ్యం తక్కువ. 150 కిలోవాట్లు ఒక్కసారిగా లాగితే అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోకపోవచ్చు. లైను మార్చడం ఖరీదైన, ఏళ్లు పట్టే పని. దానికి బదులు కొన్నిచోట్ల స్టేషన్‌లోనే పెద్ద బ్యాటరీ పెడతారు. అది గ్రిడ్ నుంచి మెల్లగా నింపుకుని, కార్లకు వేగంగా ఇస్తుంది.

గ్రిడ్ నుంచి 50 కిలోవాట్లు, స్టేషన్ బ్యాటరీ 200 యూనిట్లు, కార్లకు ఇచ్చేది 150 అనుకుందాం. కార్లు వరుసగా పూర్తి వేగంతో లాగితే బ్యాటరీ మీద పడే భారం గంటకు 100 యూనిట్లు. రెండు గంటల్లో ఖాళీ. ఆ తర్వాత వచ్చిన కారుకు అందేది గ్రిడ్ ఇచ్చే 50 మాత్రమే. మళ్లీ నిండాలంటే, మధ్యలో ఎవరూ రాకుండా నాలుగు గంటలు. పనిరోజు పొద్దున 'అద్భుతం' అని మెచ్చుకున్నవాళ్లు, సెలవురోజు సాయంత్రం 'దండగ' అని తిట్టినవాళ్లు మాట్లాడేది ఒకే యంత్రం గురించి. తీరం రోడ్డు మీద రద్దీ అంతా కొన్ని గంటల్లోనే గుమిగూడుతుంది కాబట్టి ఈ తేడా అక్కడ బాగా బయటపడుతుంది.

గాలీ, ఎత్తుపల్లాలూ

స్టేషన్‌కు ఎంత ఛార్జ్‌తో చేరతామన్నది దారి తేలుస్తుంది. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, 20 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే కారుకు తగిలే గాలి వేగం 100. 100ను 80తో భాగించి వర్గం చేస్తే 1.56. అంటే గాలి నిరోధం 56 శాతం ఎక్కువ. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి వస్తే 44 శాతం తక్కువ. రెండూ కలిపితే గాలి లేని రోజు కన్నా రానూపోనూ ఖర్చు కాస్తే ఎక్కువ, కానీ ముందు ఎదురుగాలి వైపు వెళ్లినవాళ్లకు ఆ సంగతి స్టేషన్ చేరేదాకా ఊరటనివ్వదు. ఆ దారి పొడుగునా టెన్షనే. అయితే పగటిపూట వచ్చే సముద్రపు గాలి నీటి మీది నుంచి నేల మీదికి వీస్తుంది. తీరానికి సమాంతరంగా సాగే రోడ్డుకు అది ఎక్కువగా పక్కగాలి. పక్కగాలి భారం ఎదురుగాలితో పోలిస్తే చాలా తక్కువ. రోడ్డు మలుపు తిరిగి సముద్రం వైపు చూసిన చోటే దెబ్బ తగులుతుంది.

ఎత్తు లెక్క ఇంకా తేలిక. 1,800 కిలోల కారు 300 మీటర్ల ఎత్తు ఎక్కడానికి అదనంగా ఒకటిన్నర యూనిట్లు కావాలి. దిగేటప్పుడు మోటారే జనరేటరై అందులో చాలా భాగాన్ని వెనక్కి ఇస్తుంది. కానీ బ్యాటరీ నిండుగా ఉంటే తీసుకోవడానికి చోటుండదు. కొండ మీది స్టేషన్‌లో నూరు శాతం నింపుకుని దిగే కారుకు ఈ ఆదా దొరకదు, పైగా మామూలు బ్రేకుల మీద పని ఎక్కువ పడుతుంది.

'97 శాతం పనిచేస్తుంది' అంటే

అమెరికా ప్రభుత్వం నిధులిచ్చే హైవే ఛార్జర్లకు 2023లో పెట్టిన నిబంధన ప్రకారం, ఒక్కో పోర్టు (ఒక కారు తగిలించే చోటు) ఏడాదిలో 97 శాతం సమయం పనిచేయాలి. బ్రిటన్ తన ర్యాపిడ్ ఛార్జర్ల నెట్‌వర్కులకు 99 శాతం అడుగుతోంది. 97 శాతం అంటే ఏడాదిలో 263 గంటలు పనిచేయకపోయినా నిబంధన నెగ్గినట్టే. పైగా కరెంటు సరఫరా ఆగిపోవడం, ప్రకృతి విపత్తులు లాంటివి ఆ లెక్కలోకి రావు. తుపాన్లు తాకే తీరంలో ఇది చిన్న మినహాయింపు కాదు.

2022లో శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో పరిశోధకులు 657 సీసీఎస్ కనెక్టర్లను స్వయంగా వెళ్లి పరీక్షిస్తే 72.5 శాతమే పనిచేశాయి. ఛార్జర్ ఆన్‌లైన్‌లో ఉండి 'సిద్ధం' అని చెబితే నడిపే సంస్థ లెక్కలో అది పనిచేస్తున్నట్టే. వాడేవాళ్ల లెక్కలో, డబ్బు చెల్లింపు ఆమోదం పొంది, గన్ కారు దాకా చేరి, కరెంటు ఎక్కితేనే. నిర్వాహకుల వాదనలోనూ న్యాయం ఉంది. కారు సాఫ్ట్‌వేర్ తప్పుకూ, ఊరి మొత్తానికి కరెంటు పోయినందుకూ వాళ్లను బాధ్యులను చేయలేం. కొండల మధ్య మొబైల్ సిగ్నల్ సరిగా అందని చోట యాప్ చెల్లింపు ఆగిపోతే అది ఎవరి ఖాతా అన్నది మాత్రం నిజంగా తేలని ప్రశ్న. కార్డు తాకిస్తే పనిచేసే ఏర్పాటు, సర్వర్‌తో సంబంధం తెగినా ఛార్జర్ తన దగ్గరున్న జాబితా చూసి అనుమతించే ఏర్పాటు ఉన్నచోట ఈ గొడవ తక్కువ.

సముద్రం కనిపించే చోట ఏ ఛార్జర్

ఒకే 150 కిలోవాట్ల సరఫరాతో రెండు రకాల స్టేషన్లు కట్టవచ్చు. ఒకటి, డీసీ పెట్టె. మన లెక్క ప్రకారం ఒక్కో కారుకు 35 నిమిషాలు, 36 యూనిట్లు. ఒకటి తర్వాత ఒకటి వస్తే నాలుగు గంటల్లో ఆరేడు కార్లు. రెండు గన్‌లూ నిండుగా ఉంటే ఇంకొన్ని. రెండోది, 7.4 కిలోవాట్ల ఏసీ పాయింట్లు ఇరవై. రెండు గంటలు ఆగిన కారుకు దాదాపు 15 యూనిట్లు, యూనిట్‌కు 6 కిలోమీటర్ల చొప్పున 90 కిలోమీటర్ల దూరానికి సరిపడా. నాలుగు గంటల్లో నలభై కార్లు.

తీరానికి వచ్చినవాళ్లు ఎలాగూ రెండు గంటలు ఇసుకలోనే ఉంటారు కదా, ఏసీయే మేలని ఒక పక్షం అంటుంది. ఏసీ పోస్టులో పెద్ద మార్పిడి యంత్రం ఉండదు, ఉప్పుగాలికి చెడేదీ తక్కువ, లైను మీద ఒక్కసారిగా భారం పడదు. ఇవన్నీ నిజమే. డీసీ పక్షం చెప్పేది, 8 శాతంతో వచ్చి ఇంకా చాలా దూరం పోవాల్సిన కారు సంగతి. ఏసీ దగ్గర ఇరవై నిమిషాలకు దానికి దొరికేది రెండున్నర యూనిట్లు, 15 కిలోమీటర్లు. తర్వాతి ఊరికి కూడా చాలదు.

వ్యూ పాయింట్ పార్కింగ్ వరకూ ఏసీ వైపే నా మొగ్గు. డీసీ పెట్టెను అక్కడే పెట్టడం కన్నా, నీటి అంచు నుంచి ఒక కిలోమీటరు లోపలికి, లైను కాస్త బలంగా ఉన్న చోట పెడితే ఉప్పు బాధ తగ్గుతుంది. అప్పుడు దారినపోయే కారు పార్కింగ్ రద్దీలో ఇరుక్కోదు కూడా. దీనికి నిర్వాహకుల దగ్గర గట్టి జవాబు ఒకటుంది. రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించని ఛార్జర్‌కు కార్లు రావు, కార్లు రాని ఛార్జర్‌ను ఎవరూ బాగుచేయరు.